కరెంటున్న చోటు

డల్లాస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కు బయల్దేరిన ఆ అద్దె ఆర్‌వీ చక్రాల మీది ఇల్లే. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉన్నాయి. లేనిదల్లా రాత్రంతా నిలిచే కరెంటు. తెనాలి నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన పెద్దాయనకేమో, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే యంత్రం తగిలించుకోనిదే పడుకునే వీల్లేదు.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరైన కొడుకు పెట్రోలు ఎక్కడెక్కడ కొట్టించాలో లెక్క వేసుకున్నాడు గానీ, వేసవి శనివారం ఆర్‌వీ పార్కులు నిండిపోతాయని ఊహించలేదు. ఇంటర్‌స్టేట్ 40 మీద టుకమ్‌కారీ చేరేసరికే చీకటి పడింది. ఫోన్ చేసిన ప్రతిచోటా ఖాళీ లేదన్న జవాబే. కొన్ని వాల్‌మార్ట్‌ల ఆవరణలో, మేనేజర్ ఒప్పుకుంటే, ఉచితంగా రాత్రి గడపవచ్చు. ఉచితమంటే చెవి కోసుకునే మనవాళ్లకు ఇది నచ్చే మాటే. కానీ అక్కడ ప్లగ్గు ఉండదు. జనరేటర్ తెల్లవార్లూ మోగితే పక్కవాళ్లు ఊరుకోరు.

"ఇల్లు వెంటేసుకుని తిరుగుతూ పడుకోవడానికి చోటు వెతుక్కోవడమేమిట్రా?" అన్నాడు తండ్రి. ఆ మాటలో వెటకారం కన్నా బెరుకే ఎక్కువని కోడలికి అర్థమైంది.

చివరికి దాదాపు 95 కి.మీ. ముందున్న శాంటా రోసాలో ఒక పార్కు యజమానురాలు ఫోనెత్తింది. కోడలు యంత్రం సంగతి చెప్పగానే, "30 ఆంప్స్ సరిపోతుందా?" అని మాత్రం అడిగింది. వాళ్లు చేరేసరికి ఆఫీసు మూసేసి ఉంది. తలుపుకు అంటించిన కవరులో పార్కు మ్యాపు, సైటు నంబరు. కొడుకు టార్చి వెలుతురులో కరెంటు స్తంభం వెతికి లావుపాటి తీగ తగిలించాడు. లోపల యంత్రం మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. పెద్దాయన బూట్లు విప్పుకుంటూ, రేపటి చోటేదో ఇప్పుడే మాట్లాడుకోమన్నాడు.