జాబ్ కదిలితే... కోత తప్పుతుంది!

పొద్దున్నే షాపూర్‌నగర్ బస్టాపులో నిల్చుంటే జీడిమెట్ల రెండు వాసనలతో పలకరిస్తుంది. ఒకపక్క బండి మీద కాలుతున్న దోసె, మరోపక్క ఫ్యాక్టరీల మీదుగా వచ్చే మందుల ఘాటు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు టీ తాగుతుంటారు. పొద్దుటి షిఫ్టువాళ్లు క్యారేజీలతో బస్సులు దిగుతుంటారు. వాళ్ల మధ్య సంచీతో నేను. అందులో కరాటే దుస్తుల్లాంటి బరువైన కోటు, తెల్ల బెల్టు. బాలానగర్ దాకా బస్సు, ఆపైన మెట్రో, అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ. అక్కడ నేను నేర్చుకుంటున్నది... బ్రెజిలియన్ జియు జిట్సు!

పేరులో బ్రెజిల్ ఉన్నా దీని వేరు జపాన్‌లో ఉంది. మిత్సుయో మయేదా అనే జూడో యోధుడు 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ, తర్వాత తమ్ముడు హీలియో ఈ విద్యకు కొత్త రూపమిచ్చారు. 1993లో అమెరికాలో జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో హీలియో కొడుకు రాయిస్ తనకంటే బరువైనవాళ్లను లొంగదీసుకుని గెలిచాడు. లోకం దృష్టి ఇటు మళ్లింది.

మన కుస్తీలో రెండు భుజాలూ మట్టికి తగిలితే ఓటమే. ఇక్కడలా కాదు. వెల్లకిలా పడుకున్నవాళ్లు కాళ్లతోనే కోట కట్టుకుంటారు. అదే గార్డ్. ఆ కాళ్లను దాటి పక్కకు చేరి 3 సెకన్లు అదిమిపట్టగలిగితే 3 పాయింట్లు.

నాకు నేర్పిన పట్టులో ఎదుటివారి తొడ మీదుగా మోకాలిని కత్తిలా జార్చి అవతలికి వెళ్లాలి. వినడానికి తేలికే! రెండు నెలలైనా నాకు రాలేదు. మోకాలు సగం దాటగానే కిందనున్న అమ్మాయి నడుము తిప్పేది. మరుక్షణం ఆమె పైన, నేను కింద. ఇంజినీరింగ్ చదువుతున్న ఆ అమ్మాయి నాకంటే సన్నం కూడా! ముప్పై దాటాక ఎందుకొచ్చిన తంటా అని మానేద్దామనుకున్నా.

మా తమ్ముడు ఇక్కడి పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. 1968 నుంచీ పక్కనే బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ ఉన్న ప్రాంతమిది. ఇనుమును చెక్కే విద్య ఇక్కడ పాతదే. అయినా పెళ్లిళ్లలో సాఫ్ట్‌వేర్ చుట్టాలు ఏం చేస్తున్నావని అడిగితే ‘కంపెనీలో’ అని మాట మార్చేస్తాడు. ఓ రాత్రి నా ఫోన్లో ప్రాక్టీసు వీడియో చూసి నవ్వాడు.

“జాబ్ కదులుతుంటే టూలు పెడతావేంటక్కా?”

వాళ్ల భాషలో జాబ్ అంటే ఉద్యోగం కాదు, చెక్కాల్సిన ఇనప ముక్క. దాన్ని చక్‌లో బిగించి, ఊగడం లేదని చూసుకున్నాకే టూలు ఆనించాలి. లేదంటే కోత వంకరపోతుంది. ఒక్కోసారి ముక్కే ఎగిరి మీదికొస్తుంది.

“ఆ అమ్మాయి నడుమే నీ జాబ్. ముందు దాన్ని బిగించు.”

ఆ ఆదివారం తొందరపడలేదు. ఒక చేయి ఆమె చంక కిందుగా దూర్చి, రెండో చేత్తో కోటు చెయ్యి లాగిపట్టి, ఛాతీ బరువంతా మోపి ఆగాను. నడుము కదలడం ఆగాక మోకాలు జార్చాను. ఒకటి... రెండు... మూడు!

“ఎవరు చెప్పారు మేడమ్?” అన్నాడు కోచ్.

“మా జీడిమెట్ల లేత్ మాస్టారు.”

ఇంటికొచ్చి ఆ మాట చెబితే తమ్ముడు ఏమీ అనలేదు. అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. మరుసటి వారం నేను చెప్పులు విప్పకముందే అడిగాడు.

“ఈసారి ఏ పట్టు నేర్పారక్కా?”