‘నాకు రాదు’ అనేముందు...

పెళ్లి భోజనాల దగ్గర పేరున్న వంటమేస్త్రిని ఎప్పుడైనా గమనించారా? పంక్తిలో కూర్చున్నవాళ్లని ఆయన ‘కూర ఎలా ఉందండీ?’ అని అడగడు. అడిగితే మాత్రం ఏం చెబుతారు? ‘బ్రహ్మాండం’ అంటారు. పిలిచి అన్నం పెడుతుంటే బాగాలేదని ఎవరంటారు! అందుకే ఆయన మనుషుల మొహాలు కాదు, విస్తళ్లు చూస్తాడు. దేన్ని మారు వడ్డించుకున్నారు, దేన్ని ఆకు చివరికి నెట్టేశారు... సమాధానమంతా అక్కడే ఉంటుంది.

పిల్లలు తమ ఆటల్ని తామే తయారుచేసుకోవడానికి వచ్చిన ‘స్క్రాచ్’ అనే సాఫ్ట్‌వేర్ కథ చదువుతుంటే నాకు ఆ వంటమేస్త్రే గుర్తొచ్చాడు.

కంప్యూటర్ ఆట ఆడటం అందరికీ తెలుసు. తయారుచేయడం మాత్రం ఏళ్ల తరబడి ప్రోగ్రామింగ్ నేర్చినవాళ్లకే సాధ్యమనుకునేవారు. ఆ గోడను తొలిరోజుల్లో బద్దలుకొట్టినవాళ్లలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మార్క్ ఓవర్‌మార్స్ ఒకరు. ఆయన 1999లో విడుదల చేసిన ‘గేమ్ మేకర్’తో, కోడ్ రాయకుండానే మౌస్‌తో లాగి పెట్టి చిన్న ఆటలు చేసుకునే వీలొచ్చింది. ఆ తర్వాతి వెర్షన్లతోనే 2008లో ‘స్పెలంకీ’, 2015లో ‘అండర్‌టేల్’ లాంటి పేరుమోసిన ఆటలు తయారయ్యాయి.

స్క్రాచ్ ఇంకా చిన్నవాళ్ల కోసం. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2003లో దీని పని మొదలుపెట్టింది. అందరి చేతికీ వచ్చింది 2007 మేలో. ‘పది అడుగులు కదులు’, ‘మ్యావ్ అను’, ‘మళ్లీ మళ్లీ చెయ్యి’... ఇలా ఒక్కో ఆదేశం ఒక్కో రంగు బ్లాకు మీద రాసి ఉంటుంది. వాటిని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెర మీద పిల్లి కదులుతుంది. అంతే!

మధ్యలో ఆ నాలుగేళ్లూ ఏం చేశారన్నదే నాకు ఆసక్తిగా అనిపించింది. 1993లో బోస్టన్‌లో మొదలైన ‘కంప్యూటర్ క్లబ్‌హౌస్’లు పేద పిల్లలు బడి అయ్యాక వచ్చి, తమకు నచ్చింది చేసుకునే చోట్లు. సగం సగం తయారైన స్క్రాచ్‌ని అక్కడికి తీసుకెళ్లి పిల్లల ముందు పెట్టారు. వాళ్లు ఏం చేస్తున్నారో చూశారు, మార్చారు, మళ్లీ పట్టుకెళ్లారు. లాస్ ఏంజెలెస్‌లోని ఒక క్లబ్‌హౌస్‌లో 18 నెలల్లో పిల్లలు చేసిన 536 ప్రాజెక్టుల్ని ముందేసుకుని, ఏ బ్లాకు ఎంత వాడారో లెక్కగట్టి 2008లో ప్రచురించారు. అక్కడ పిల్లలకు ప్రోగ్రామింగ్ పాఠం చెప్పేవారెవరూ లేరు. అయినా ‘మళ్లీ మళ్లీ చెయ్యి’, ‘ఇలా అయితే అలా చెయ్యి’ లాంటివి వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు. చరరాశులు మాత్రం తక్కువ మందే ముట్టుకున్నారు. బడిలో బీజగణితంలో చదువుకుంటామే, విలువ మారుతూ ఉండే ఆ చరరాశే. ఆకు చివర మిగిలిపోయిన కూరన్నమాట!

అంటే పిల్లలకు చరరాశి అర్థం కాదనా? కాదు. రెస్నిక్ 2012లో ఒక ప్రసంగంలో చెప్పిన సంగతి వినండి. క్లబ్‌హౌస్‌లో ఓ కుర్రాడు పెద్ద చేప చిన్న చేపల్ని తినే ఆట చేస్తున్నాడు. ఎన్ని తిన్నదో లెక్క కనిపించాలి. ఎలాగో తెలియదు. రెస్నిక్ పక్కన కూర్చుని చరరాశి ఎలా పెట్టాలో చూపించారు. ఆ కుర్రాడు చెయ్యి పట్టుకుని ఊపేస్తూ థాంక్యూ, థాంక్యూ అన్నాడట! చరరాశి నేర్పినందుకు పిల్లలతో థాంక్స్ చెప్పించుకున్న లెక్కల మాస్టార్లు ఎంతమంది ఉంటారు? అవసరం పడినచోట అందిస్తే అదే పాఠం బహుమతి అవుతుంది. ఆ అవసరం ఎక్కడ పడిందో తెలియాలంటే మాత్రం పక్కన కూర్చుని చూడాల్సిందే.

ఇక్కడ నాకు నా బెంచీమేట్ గుర్తొస్తుంది. మా హైస్కూల్లో కంప్యూటర్ గది ఉండేది. చెప్పులు బయట విప్పి, ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చునేవాళ్లం. బోర్డు మీది బేసిక్ ప్రోగ్రాం చూసి కొట్టడమే పని. ఓరోజు తను ఒక మాటలో రెండు అక్షరాలు అటూ ఇటూ కొట్టింది. తెర మీద ‘సింటాక్స్ ఎర్రర్’ అని పడింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. ఏది తప్పో యంత్రం చెప్పలేదు. ‘చూసి కొట్టడం కూడా రాదా?’ అని వెనక నుంచి గట్టిగా వినిపించింది. ఆ రోజు నుంచి తను కీబోర్డు ముట్టుకోలేదు. ‘నాకు కంప్యూటర్ రాదే, నువ్వు కొట్టు, నేను చదువుతా’ అనేది. నాకు లెక్కలు చెప్పిన పిల్ల అది! ఇంటర్‌లో మాత్రం లెక్కల గ్రూపు వైపే చూడలేదు. ‘అందులో కంప్యూటర్లుంటాయటగా’ అంది.

రెండు అక్షరాలు... ఒక పిల్ల దారినే మార్చేశాయి.

స్క్రాచ్‌లో ‘తప్పు’ అని గద్దించే సందేశాలే లేకుండా చేశారని చదివినప్పుడు అందుకే నాకు మనసు చివుక్కుమంది. అతకని బ్లాకులు అసలు ఒకదానికొకటి తగులుకోవు. విలువ అడ్డదిడ్డంగా ఇచ్చినా ప్రోగ్రాం ఠక్కున ఆగిపోయి కళ్లెర్రజేయదు, చేతనైనంత చేస్తుంది. అలాగని తప్పులు జరగవని కాదు. పిల్లి కుడికి పోవాల్సింది ఎడమకు పోతుంది. పిల్లలు నవ్వుకుని, బ్లాకు మార్చి చూస్తారు. ‘నాకు రాదు’ అనే మాటకు చోటే లేదు.

ఈ విషయాలు నాకు బాగా తలకెక్కించింది మాత్రం ఏడో తరగతి చదివే మా అక్క కూతురు. వేసవి సెలవులకు అందరం తెనాలిలో అమ్మ దగ్గర చేరాం. డాబా మీద గుమ్మడి వడియాలు, వాటి మీద కాకులు. అది చూసి పిల్ల స్క్రాచ్‌లో ఓ ఆట చేసింది. కాకి వచ్చి వడియం ఎత్తుకుపోతుంటే, బాణం గుర్తు మీటలతో కర్రను జరిపి తోలాలి. మూలన మిగిలిన వడియాల లెక్క. అందరికీ చూపించి ‘బాగుందా?’ అని అడిగింది. ‘మా బంగారమే!’ అన్నారందరూ. పది సెకన్లు ఆడి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. పిల్ల మొహం చిన్నబోయింది.

‘పిన్నీ, నిజంగా బాగుందా?’ అంది రాత్రి.

విలేకరిగా నేను నేర్చుకున్నదొకటి ఉంది. ‘మీకెలా అనిపిస్తోంది?’ అని అడిగితే అవతలివాళ్లు మర్యాద మాట చెబుతారు. ‘అప్పుడేం జరిగింది? తర్వాతేం చేశారు?’ అని అడిగితే కథంతా చెబుతారు. అదే పిల్లకు చెప్పాను. ‘బాగుందా అని అడక్కు. అమ్మమ్మను కూర్చోబెట్టు. నువ్వు పక్కన కూర్చుని నోరు మూసుకో. చెయ్యి ఎక్కడాగిందో చూడు’ అన్నాను.

మర్నాడు పొద్దున అమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుంది. కాకి వచ్చింది. అమ్మ మీటల వైపు చూడనే లేదు. ఫోన్ అలవాటు కదా, తిన్నగా తెర మీది కాకినే వేలితో పొడిచింది. కాకి కదల్లేదు. ఇంకోసారి పొడిచింది. వడియం పోయింది. ‘ఈ వయసులో నాకెందుకే ఇవన్నీ? నాకు రావులే’ అంటూ లేవబోయింది.

‘నీకు రాకపోవడం కాదు అమ్మమ్మా! కాకిని ఎట్లా తోలాలో నా ఆట నీకు చెప్పలేదు’ అంది పిల్ల.

ఆ మాట మా బెంచీమేట్‌కు ఎవరైనా చెప్పి ఉంటే!

మధ్యాహ్నానికల్లా ఆట మారింది. కర్ర పోయింది. కాకిని ముట్టుకుంటే చాలు, రెక్కలు కొట్టుకుంటూ ఎగిరిపోతుంది. దాన్ని ట్యాబ్‌లో తెరిచి ఇస్తే అమ్మ పావుగంట ఆడింది. ‘పక్కింట్లో వాళ్లకీ చూపించవే’ అని తనే పంపింది.

పక్కింటి పిల్లాడు ఆడి, ‘కర్రా గిర్రా కాదు, తుపాకీ పెట్టు’ అన్నాడు. మా పిల్లకు కోపమొచ్చింది. వడియాల కోసం కాకిని చంపుతామా? అయినా వాడు ఆడుతుంటే మళ్లీ చూసింది. కాకికీ కాకికీ మధ్య వాడు ఆవులిస్తున్నాడు. వాడికి కావలసింది తుపాకీ కాదు, వేగం! కాకులు వెంటవెంటనే వచ్చేలా మార్చింది. తుపాకీ ఊసే మర్చిపోయాడు. ఆడేవాళ్లు చెప్పే ఇబ్బంది ఎప్పుడూ నిజమే. వాళ్లు చెప్పే మందే ఒక్కోసారి పనిచేయదు. అభిప్రాయం అడగడమంటే చెప్పిందల్లా చేయడం కాదు, ఆ మాట వెనక ఉన్న ఇబ్బందిని వెతకడం.

స్క్రాచ్ తయారుచేసినవాళ్లకూ ఇలాంటి పరీక్ష ఎదురైంది. మొదట్లో అందులో సొంత బ్లాకులు తయారుచేసుకునే వీలు లేదు. కొత్తవాళ్లు తికమకపడకూడదని వాళ్లు దాన్ని సరళంగా ఉంచారు. కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు మాత్రం అది కావాలి. జెన్స్ మోనిగ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీకి చెందిన బ్రయాన్ హార్వే కలిసి ఆ వీలుతో స్క్రాచ్‌కే మరో రూపం తయారుచేశారు. ‘మీ బ్లాకులు మీరే కట్టుకోండి’ అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. 2013లో వచ్చిన స్క్రాచ్ రెండో వెర్షన్‌లో సొంత బ్లాకుల సౌకర్యం చేరింది. మరీ చిన్నవాళ్లకు అక్షరాలే అడ్డమని, అయిదు నుంచి ఏడేళ్లవాళ్ల కోసం బొమ్మల బ్లాకులతో ‘స్క్రాచ్ జూనియర్’ 2014లో వచ్చింది.

మీ ఇంట్లోనూ ఆటలు చేసే పిల్లలుంటే ‘బాగుంది’ అని తల నిమిరి వదిలేయకండి. నిజంగా ఆడండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ విసుగొచ్చిందో, దేన్ని నొక్కాలనుకుని దేన్ని నొక్కారో చెప్పండి. అంతకు మించిన మెచ్చుకోలు లేదు. వాళ్లకు నేర్పాల్సింది కూడా అదే... ఆడేవాళ్ల పక్కన కూర్చుని, ‘అలా కాదు, ఇలా’ అనకుండా ఓ అయిదు నిమిషాలు ఓపిక పట్టడం. పెద్దవాళ్లకే కష్టమైన విద్య అది!

ఇది ఆటలతో ఆగిపోయే సంగతి కూడా కాదేమో. పరీక్ష రాసి వచ్చిన పిల్లల్ని మనం గుమ్మంలోనే అడిగేది ‘ఎలా రాశావు?’ అని. వాళ్లు చెప్పేది ‘బాగా రాశాను’ అని. ఎవరికీ ఏమీ తెలియదు. కాస్త మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ‘ఏ ప్రశ్న దగ్గర ఆగావురా?’ అని అడిగి చూడండి. ‘నాకు లెక్కలు రావు’ అనబోయిన పిల్లాడు, ‘ఇదిగో, ఈ మెట్టు దగ్గర అర్థం కాలేదు’ అంటాడు.

మెట్టు తెలిస్తే ఎక్కించడం ఎంతసేపు?