మా ప్రాతఃకాలపు పరుగు

1991వ సంవత్సరము జూను నెలలో మేము పరుగెత్తుట ప్రారంభించితిమి. దీనికి గొప్ప కారణమేమియు లేదు. పాఠశాలలో జరిగిన మైలు పందెమున మేము అందరికంటె వెనుక వచ్చితిమి. మా డ్రిల్లు మాస్టరుగారు మమ్ము పరిహసింపక, "ప్రతిదినమును ఒక మైలు పరుగెత్తుము. పందెము గెలుతువో లేదో చెప్పజాలను గాని, మైలనిన భయము పోవును" అనిరి. మరునాటి ఉదయముననే మా యూరి కాలువగట్టు మీద పరుగిడితిమి. సగము దూరము పోవునప్పటికి డొక్కలో పోటు వచ్చి ఒక తుమ్మచెట్టు క్రింద కూలబడితిమి.

మొదటనే వేగముగా పోవుటయే మా తప్పని కొన్నాళ్లకు తెలిసెను. ప్రక్కవానితో మాటలాడుటకు ఊపిరి చాలునంత మెల్లగా పోయినచో మైలు సులభముగా సాగును. వేసవిలో సూర్యోదయమునకు ముందే పోయెడివారము. వానకాలమున గట్టు మీది నల్లమట్టి కాళ్లకు వీసెలకొలది అంటుకొనుటచే రోడ్డు మీద పరుగెత్తెడివారము. ఇంటికి రాగానే నోటుపుస్తకమున తేదీ వేసి ఒక గీత గీయుట మా వాడుక.

ఆ దినములలో ఇంగ్లండు దేశస్థుడగు రాన్ హిల్ గారిని గూర్చి చదివితిమి. ఆయన 1970లో బోస్టను మారథాను గెలిచినవారు. 1964 డిసెంబరు మొదలుకొని దినమునకు ఒక మైలైనను తప్పక పరుగెత్తుచుండిరి. అది చదివినది మొదలు మాకు పరుగుకంటె గీతలమీదనే మోజు హెచ్చెను. మా వివాహదినమున సైతము గీత తప్పలేదని పదిమందిలో చెప్పుకొనుచుంటిమి. గీతలు 4,000 దాటెను.

2003 జనవరిలో మా తల్లిగారికి జ్వరము తగిలెను. ఒకనాడు తెల్లవారుజామున ఆమె త్రాగుటకు వేడినీళ్లు అడిగిరి. మేము అప్పటికే బూట్లు తొడుగుకొని యుంటిమి. పావుగంటలో తిరిగి వత్తుమని చెప్పి వెడలిపోతిమి. వచ్చి చూచునప్పటికి ఆమె వంటయింటి గడపవద్ద పడియుండిరి. తామే నీళ్లు కాచుకొనబోయి, కన్నులు తిరిగి పడుటచే కుడిచేతి మణికట్టు విరిగెను. ఆమె మమ్ము ఒక్కమాటయైనను అనలేదు. ఆనాటి గీత ఆ పుస్తకములో నేటికిని ఉన్నది. దాని నిమిత్తము కన్నతల్లికి గ్లాసెడు నీళ్లు ఈయలేకపోతిమి.

ఆ మరునాటినుండి పరుగు మానితిమి. ఆమెకు అన్నము కలిపి పెట్టుటయు, తల దువ్వుటయు మా పనులాయెను. ఆరు వారములకు పిండికట్టు విప్పిరి. ఆ సాయంకాలమున ఆమె మమ్ము పిలిచి, "ఏమిరా, విరిగినది నా చేయి గాని నీ కాళ్లు కావుగదా? రేపటినుండి పొమ్ము. నీళ్లు కాచిపెట్టి మరీ పొమ్ము" అని నవ్విరి.

మరల మొదలిడిన నాడు, తొలినాటివలెనే డొక్కలో పోటు వచ్చెను. కాని ఈ పర్యాయము నోటుపుస్తకము తెరువలేదు.

2017 జనవరిలో రాన్ హిల్ గారికి పరుగెత్తుచుండగా గుండెలో నొప్పి కలిగెను. భార్యకును కుటుంబమునకును తాము ఋణపడియున్నామని చెప్పి, 52 సంవత్సరములు సాగిన ఆ వరుసను ఆయన తామే ఆపివేసిరి. 2021లో గతించిరి. అంత గొప్ప లెక్కను ఇంటివారికొరకు విడిచిన ఆ కార్యము, ఆయన గెలిచిన పందెములకు తీసిపోదని మాకు తోచును.

విద్యార్థులారా! మీరును ప్రతిదినమును పరుగెత్తుడు. జ్వరము వచ్చిన నాడును, ఇంటిలో మీ అవసరము కలిగిన నాడును సంకోచింపక మానుడు. అది తీరిన మరునాడు మరల బయలుదేరుడు. ఇన్నేండ్లలో మా పరుగు నిలిచినది అట్లు మరల బయలుదేరుటవలననే.

మా తల్లిగారు ఇప్పుడు లేరు. అయినను మేము ప్రతి ఉదయమును పొయ్యిమీద నీళ్లు కాచిపెట్టిన తరువాతనే బూట్లు తొడుగుకొందుము.