మా ఫ్లష్షు నీళ్ళు, మామ చెరువు

"ఏమప్పా, మీరు బెంగుళూర్లో కడుక్కున్న నీళ్ళేనా ఇవి?"

పోయిన సంక్రాంతికి కోలారు దగ్గర మా మేనమామ ఊరెళ్ళినప్పుడు, చెరువు గట్టు మీద నిలబడి ఆయనడిగిన ప్రశ్న ఇది. (కోలారు కర్ణాటకలోదే అయినా, ఆ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఇంట్లో మాట్లాడేది తెలుగే.) మొదట నవ్వొచ్చింది. ఆయన నవ్వట్లేదని చూసి ఆపేశాను.

నిజమే మరి, అవి మా నీళ్ళే. కోరమంగల-చల్లఘట్ట లోయలో, అంటే మన బెళ్ళందూరు వైపు, మురుగునీటిని శుద్ధి చేసి పైపుల్లో కోలారు చెరువులకి పంపే పథకం ఒకటుంది. రోజుకి 44 కోట్ల లీటర్లు పంపాలని లెక్క. 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుకి మొదటిసారి నీళ్ళొచ్చాయి. జులైలోనే నురగ కనిపించి గొడవైతే హైకోర్టు కొన్నాళ్ళు ఆపించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆపింది, తర్వాత మళ్ళీ మొదలైంది. రెండో దశ వరకే శుద్ధి చేస్తున్నారు, మూడో దశ కూడా చెయ్యాలి అన్నది అప్పట్నుంచీ నలుగుతున్న గొడవ. ఈ నీటిని నేరుగా పొలాలకి తోడకూడదు. చెరువులో ఇంకి భూగర్భ జలం పెరిగితే బోర్ల ద్వారా వాడుకోవాలన్నమాట.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బోర్లు బతికాయి. వెయ్యి అడుగులు దాటినా దుమ్ము తప్ప ఏమీ రాని చోట మామ మళ్ళీ టమాటా వేశాడు. ఆ టమాటాలు తిరిగి మా అపార్ట్‌మెంటు కింద కూరగాయల బండికే వస్తాయేమో కూడా!

అయితే చెరువు మాత్రం పచ్చగా ఉంది, బటానీ సూపులాగా. "పాచి ఇంత ఎప్పుడూ సూళ్ళేదు" అన్నాడు మామ. రెండో దశ శుద్ధిలో బాక్టీరియా మలినాన్ని తినేస్తుంది గానీ, నత్రజని, భాస్వరం పూర్తిగా పోవు. లీటరుకి 10 మిల్లీగ్రాముల నత్రజని మిగిలిందనుకున్నా, 44 కోట్ల లీటర్లలో రోజుకి 4,400 కిలోలు. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి, 45 కిలోల బస్తాలు రోజుకి రెండొందల పైచిలుకు చెరువుల్లో కుమ్మరిస్తున్నట్టు. నాచు పెరక్క ఏం చేస్తుంది? పగలు అది ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చేస్తుంది. మరీ ముదిరితే తెల్లారేసరికి చేపలు తేలతాయి. కొన్ని నీలి-ఆకుపచ్చ రకాలు విషం కూడా వదుల్తాయి.

మన బుర్ర ఊరుకోదు కదా. ఆ నాచునేదో బెంగుళూర్లోనే కావాలని పెంచి, ఎరువంతా దానికి తినిపించి, తేరిన నీళ్ళు పంపొచ్చుగా అనిపించింది. కొత్త ఐడియా ఏం కాదు. అడుగు లోతు కాలువల్లో నీటిని చక్రంతో మెల్లగా తిప్పుతూ నాచు పెంచే పద్ధతిని కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ 1950ల నుంచే అభివృద్ధి చేశాడు. ఆ రాత్రి మామ మంచం మీద కూర్చుని లెక్కేశా. రోజుకి 4 లక్షల 40 వేల ఘనపు మీటర్లు, ఐదు రోజుల నిల్వ, 30 సెంటీమీటర్ల లోతు... సుమారు 1,800 ఎకరాలు! బెళ్ళందూరు చెరువులాంటివి రెండు కావాలి. ఆ ఏరియాలో పార్కింగుకే చోటు లేదు. పైగా పండిన నాచుని నీళ్ళలోంచి వేరు చెయ్యడం ఇంకో నరకం. వెయ్యి లీటర్లు వడకడితే అరకిలో వస్తే గొప్ప.

కలకత్తా తూర్పున మాత్రం వడకట్టే పని చేపలకి అప్పగించారు. ఊరి మురుగుని లోతు తక్కువ చెరువుల్లోకి వదిలి, ఎండకి నాచు పెంచి, దాన్ని చేపలకి మేతగా వాడతారు. 2002లో ఆ చిత్తడి నేలలకి రామ్సార్ గుర్తింపు కూడా వచ్చింది. మన హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక మూసీ నీటితో గడ్డి పెంచి గేదెలకి వేస్తున్నారు, అక్కడ గుర్తింపూ లేదు, శుద్ధీ అంతంతమాత్రం.

అంటే నాచు చెరువుకి కావాల్సిన స్థలమూ, ఎండా కోలారులోనే ఉన్నాయి. కాకపోతే దాన్ని అలా నడిపించేవాడే లేడు. మన సర్వర్ అరనిమిషం ఆగితే పదిమందికి మెసేజీలు వెళ్తాయి. మామ చెరువులోకి నిన్న ఏం వచ్చిందో చెప్పడానికి గట్టు మీద ఒక బోర్డు కూడా లేదు.

ఇలా ఎవర్నో తిట్టే ముందు నా సంగతి చెప్పాలి. మా అపార్ట్‌మెంటుకీ సొంత మురుగు శుద్ధి ప్లాంటు ఉంది. ఫ్లష్షుకి, మొక్కలకి వాడగా మిగిలింది డ్రైనేజీలోకి, అక్కణ్ణుంచి ఆ లోయకే పోతుంది. రెండేళ్ళ క్రితం నేను అసోసియేషన్ ట్రెజరర్‌ని. కరెంటు బిల్లు ఎక్కువవుతోందని రాత్రిపూట గాలి ఊదే బ్లోయర్ ఆపుదామంటే సంతకం పెట్టింది నేనే. గాలి లేకపోతే ఆ బాక్టీరియా చస్తుందని తెలీక కాదు. నెలకి కొన్ని వేలు మిగిలాయని మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. రిజిస్టర్లో మాత్రం "24 గంటలు నడిచింది" అనే ఉండేది.

మామ బోరు నీళ్ళు ఒక బాటిల్లో పట్టుకొచ్చి ల్యాబ్‌లో ఇచ్చాను. నైట్రేటు 45 పరిమితి లోపే ఉంది. ఫ్లోరైడు ఎక్కువుంది, అది మా నీళ్ళ పుణ్యం కాదు, అక్కడి రాళ్ళలో పాతదే. ఫోన్ చేసి చెప్తే అంతా విని, "ఈ బాటిలు మంచిదే లేప్పా, రేపటి నీళ్ళ సంగతేంది?" అన్నాడు.

మూడు నెలలకోసారి వచ్చి తీసుకెళ్తానని మాటిచ్చాను. పోయిన మీటింగులో గొడవపడి బ్లోయర్ మళ్ళీ ఆన్ చేయించాను, రెండు ఓట్ల తేడాతో. ఆ బ్లోయర్ కథ మాత్రం మామకి ఇంకా చెప్పలేదు.