ఉదరబంధం

దామోదర శబ్దానికి వ్యుత్పత్తి అడిగితే నా దగ్గర చదివిన పిల్లలు తడుముకోకుండా చెప్పేవారు: దామము ఉదరమునందు గలవాడు, బహువ్రీహి. యశోద ఎన్ని త్రాళ్లు కలిపి ముడివేసినా రెండంగుళాలు తక్కువే వచ్చిన కథ తెలియని తెలుగువారుండరు. ఆ కథలో కట్టడమే కష్టం. ఇప్పుడు నేను రాయబోయే కథలో కట్టడం గంట పని. కట్టినదానిని ఆ తరువాత చూచేవారిని వెదకిపట్టుకోవడమే ప్రాణాంతకమైన కష్టం. మా మేనకోడలి అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం చెప్పను.

స్థూలకాయం తగ్గించుకొనేందుకు జీర్ణకోశం పైభాగాన బిగించే సిలికాన్ వలయం గూర్చి మిత్రులు కొందరైనా వినివుంటారు. ఇంగ్లీషు 'బ్యాండు', మన 'బంధము' ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టినవి కనుక దీనిని ఉదరబంధమని పిలవడానికి నాకు సంకోచం లేదు. దేవతామూర్తుల నడుముపైన శిల్పులు చెక్కే ఆభరణానికీ ఆ పేరే ఉన్నది. న్యూజెర్సీలో పనిచేసిన కుజ్మాక్ అనే వైద్యుడు 1986లో బిగువు మార్చదగిన సిలికాన్ వలయాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఇథియోపియాలో పుట్టి బెల్జియంలో స్థిరపడిన మితికు బెలాచ్యూ 1993లో పొట్ట కోయకుండా, చిన్న రంధ్రాలగుండా దానిని అమర్చి చూపాడు. 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 'లాప్ బ్యాండు'కు అనుమతి ఇచ్చింది.

దీని కీలకమంతా బిగువులోనే ఉన్నది. వలయంనుండి సన్నని గొట్టమొకటి వచ్చి, చర్మం క్రింద అమర్చిన చిన్న డబ్బీలో కలుస్తుంది. దానిని పోర్టు అంటారు. సిలికాన్‌ను తుంపు తీయకుండా దూరే ప్రత్యేకమైన సూదితో అందులోకి ఉప్పునీరు ఎక్కిస్తే వలయం బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. వదులుగా ఉంటే ప్రయోజనం లేదు. బిగువు ఎక్కువైతే అన్నం దిగదు. మరీ ఎక్కువైతే ఉమ్మి కూడా దిగదు. కాబట్టి ఇది ఒకసారి చేయించుకొని మరచిపోయే శస్త్రచికిత్స కాదు. వీణ కొన్నంత మాత్రాన సరిపోదు, శ్రుతి చేసేవాడు ఊళ్లో ఉండాలి.

అమ్మాయి ఉండేది టెక్సాసులో, డాలస్ దగ్గర. 2008లో ఆమె ఉద్యోగానికి వచ్చే బీమాలో బరువు తగ్గించే శస్త్రచికిత్సలకు చోటు లేదు. ఆ ఊళ్లో అడిగిన ధరలో సగానికే, మెక్సికోలోని మాంటెరేలో చేస్తామన్నారు. వెళ్లింది, చేయించుకొంది, మూడవ రోజుకు తిరిగి వచ్చింది. ఏడాది పాటు బిగువు సవరింపులు ఉచితమని కాగితంపైన రాసి ఇచ్చారు. అవి ఉచితమే! వెళ్లిరావడానికి విమానం, హోటలు, రెండు రోజుల జీతనష్టం మాత్రం ఉచితం కావు. పైగా ఆ నగరంలో ముఠాల కాల్పులు పెచ్చుమీరి, 2010 ఆగస్టులో అక్కడి అమెరికా కాన్సులేటు తన ఉద్యోగుల పిల్లలను ఊరు దాటించవలసి వచ్చింది. అమ్మాయి ఆ దారి మానుకొని, ఎవరు వేసిన బంధమైనా నగదు తీసుకొని సవరించే చిన్న క్లినిక్కు ఒకటి పట్టుకొంది. 2012లో చివరిసారి వెళ్లింది. తరువాత అది మూతబడింది.

మూతబడటానికి కారణం ఉన్నది. 2011లో అమెరికాలో జరిగిన ఈ జాతి శస్త్రచికిత్సలలో మూడవ వంతుకు పైగా బంధాలే. 2019 నాటికి అవి నూటికి ఒకటి కూడా లేవు. జీర్ణకోశంలో అధిక భాగాన్ని కోసి తీసివేసే 'స్లీవ్' వచ్చి వీటిని త్రోసిపుచ్చింది. బంధాలు జారడం, కోశపు గోడను ఒరుసుకొని లోపలికి పోవడం, పోర్టు చెడటం వంటి చిక్కులు కూడా ఏండ్లు గడిచేకొద్దీ బయటపడినాయి. కొత్తవి వేయడం ఆగింది సరే, వేసినవి ఎక్కడికి పోతాయి? లక్షల మంది పొట్టలలో ఉన్నాయి. వాటిని చూడటం తెలిసిన చేతులు మాత్రం తగ్గిపోయినాయి.

2023 వేసవిలో నేను అక్కడ ఉన్నాను. రాత్రిళ్లు పక్క గదిలోనుండి దగ్గు వినబడేది. రెండు మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకొని కూర్చున్నట్లే నిద్రపోయేది. పప్పన్నం రెండు ముద్దలు తిని లేచి స్నానాలగదికి వెళ్లేది. "అలవాటైపోయింది మామయ్యా, మీరు తినండి" అనేది. మూడు వారాలకు చారునీళ్లు తప్ప ఏదీ నిలవని స్థితి వచ్చింది.

అప్పుడు ఫోన్లు మొదలయ్యాయి. నేను కాగితం, కలం పుచ్చుకొని ప్రక్కన కూర్చొని రాసుకొన్నాను. మా దగ్గర వేయించుకొన్నవారినే చూస్తామన్నారు కొందరు. పరదేశంలో వేసినవాటిని ముట్టుకోమన్నారు మరికొందరు. ఒకచోట చూస్తామన్నారు కానీ, ముందు వారి కార్యక్రమంలో చేరడానికి రుసుము, ఆహార నిపుణురాలితో సమావేశం, ఆపైన సవరింపు. ఇంకొకచోట బంధం నమూనా ఏదో చెప్పమన్నారు. ఇది న్యాయమైన ప్రశ్నే, ఎందుకంటే 4 మిల్లీలీటర్లు పట్టేవి కొన్ని, 10కి పైగా పట్టేవి కొన్ని. పాత పెట్టెలో వెదకి ఆపరేషను నివేదిక తీస్తే అది స్పానిషులో ఉన్నది. 'బాండా' అన్న మాట నేనే ముందు గుర్తుపట్టానని చెప్పుకోవడం కొంచెం గర్వమే అనుకోండి. నమూనా, క్రమసంఖ్య ఉన్న చీటీ దానికే అంటించి ఉన్నది. ఇటువంటి బంధం ఉన్నవారెవరైనా దీనిని చదువుతుంటే, ఆ చీటీని ఫోటో తీసి ఇద్దరి దగ్గర ఉంచండి.

పదకొండవ ఫోనుకు ఒక వైద్యుని సహాయకురాలు అడిగిన ప్రశ్న మమ్మల్ని లేపి నిలబెట్టింది: "మంచినీళ్లు దిగుతున్నాయా?" ఆ ఉదయంనుండి అవీ దిగడం లేదు. "అయితే మా అపాయింటుమెంటు కోసం చూడకండి, ఇప్పుడే అత్యవసర విభాగానికి వెళ్లండి" అన్నది ఆ తల్లి. డబ్బు ఉన్నా లేకున్నా అత్యవసర విభాగంలో రోగిని పరీక్షించి నిలకడకు తేవాలన్న చట్టం అక్కడ 1986నుండి ఉన్నది. అయితే వారు బిల్లు వేయరని దాని అర్థం కాదు. ఆ రాత్రి శస్త్రవైద్యుడు వచ్చి, సూదితో వలయంలోని నీరంతా తీసివేశాడు. అయిదు నిమిషాలు పట్టింది. అరగంట తరువాత ఆమె ఒక గ్లాసెడు నీళ్లు తాగి, ఏడ్చింది. వారాల తరబడి వాంతులైనవారికి బి1 విటమిను తరిగి మెదడుకూ నరాలకూ హాని కలుగవచ్చునట. అందుకని అదికూడా ఎక్కించారు.

బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో బంధం జారినట్లు తేలింది. తీసివేయాలి. బీమావారు మొదట కుదరదన్నారు: బరువు తగ్గించే శస్త్రచికిత్సలు, తత్సంబంధ సేవలు ఈ పాలసీకి వెలుపల అని.

అక్కడ నా చదువు అక్కరకు వచ్చింది. ఆ పాలసీ పుస్తకం నూట ఇరవై పేజీలు. అటువంటి దానిని మొదటినుండి చివరివరకు చదివే ఓపిక ముప్పయ్యేండ్లు వ్యాకరణం చెప్పినవాడికి కాక ఎవరికి ఉంటుంది? ఒకచోట నిషేధం ఉన్న మాట నిజమే. ఇరవై పేజీల అవతల, ఈ పాలసీ చెల్లించని సేవవలన తలెత్తిన చిక్కులకు వైద్యపరంగా అవసరమైన చికిత్స చెల్లించబడుతుందని ఇంకొక వాక్యం ఉన్నది. ఉత్సర్గాపవాద న్యాయం ప్రకారం సామాన్య విధికంటే విశేష విధి బలీయం. అమ్మాయి నవ్వి, దానిని ఇంగ్లీషులో పెట్టింది. ఇది బరువు తగ్గించే చికిత్స కాదు, మింగలేకపోవడానికి చికిత్స అన్నది మా వాదం. వైద్యుని కార్యాలయంవారు కూడా సంకేతాన్ని సరిచూచి, బంధం వలన కలిగిన చిక్కు అని తెలిపే కె 95.09 వేసి పంపారు. సవరింపుకు వాడే సంకేతం వేరు, ఎస్ 2083. అది చూడగానే త్రోసివేసే పాలసీలు ఉంటాయట. తిరస్కారం అందిన నాటినుండి 180 రోజులలో అప్పీలు చేసుకొనే హక్కు ఉన్నది. అక్కడా కాదంటే బయటి సమీక్షకు పంపమని అడగవచ్చు. మాకు అంతదూరం పోవలసిన పని పడలేదు; అప్పీలులోనే ఒప్పుకొన్నారు.

ఒప్పుకొన్నా మొదటి ఆరువేల డాలర్లు ఆమె చేతిదే. అత్యవసర విభాగపు బిల్లు అందులోనే. ఆ ఆసుపత్రి లాభాపేక్ష లేని సంస్థ. అటువంటివి పేద, మధ్యతరగతి రోగులకు ఆర్థిక సహాయ విధానమొకటి రాతపూర్వకంగా ఉంచాలన్నది 2010నాటి చట్టం. ఎవరూ తమంతట తాము చెప్పలేదు. దరఖాస్తు అడిగి తెచ్చి, జీతపు కాగితాలు జతచేస్తే, బిల్లులో దాదాపు సగం తగ్గించి మిగతాది నెలవాయిదాలు చేశారు. బీమా వాడకుండా సొంత డబ్బుతో చూపించుకొనేవారికి ముందుగానే ఖర్చు అంచనా రాసి ఇవ్వాలన్న నియమం 2022 జనవరినుండి అమలులో ఉన్నది. బిల్లు ఆ అంచనాకు 400 డాలర్లు మించితే తగవు పెట్టుకోవచ్చు. మా ఫోన్ల పట్టికలో ధర చెప్పకుండా దాటవేసినవారికి ఈ మాట చెబితే, మరునాడే అంకె చెప్పారు.

ఇదంతా విని ఇక్కడి బంధువులు "హైదరాబాదుకు వచ్చి తీయించుకోవచ్చుగా, ఎంత చవక!" అన్నారు. చవకే. నీళ్లు దిగని మనిషిని ఇరవై గంటల విమానంలో ఎక్కించాలన్న సంగతి వారికి తోచలేదు. చవక కోసం దూరం వెళ్లినందువలననే కదా పదిహేనేండ్లు ఈ పాట్లు! అలాగని ఆమెను తప్పుపట్టను. 2008లో ఆమె ముందున్న దారులు రెండే: మాంటెరే, లేదా మధుమేహం. చరకుడు అతిస్థూలునీ అతికృశునీ ఒకే అధ్యాయంలో నిందితుల జాబితాలో చేర్చాడు; రోగినే నిందించే అలవాటు మనకు కొత్తదేమీ కాదు.

2024 ఫిబ్రవరిలో బంధం తీసివేశారు. బరువు కొంత తిరిగి వచ్చింది. దానికి మందులు వాడుతున్నది, అది వేరే కథ. ఇప్పుడు పప్పన్నం తింటున్నది, చదునుగా పడుకొని నిద్రపోతున్నది. ఆసుపత్రి చివరి వాయిదా 2025 మార్చిలో తీరింది. బాకీ సున్నా అని వచ్చిన కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపింది.