సులుకు పేరు పెట్టిన పుస్తకం

ఆదివారం పొద్దున టీవీలో స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్ అయిపోగానే, అమ్మ కట్టిచ్చిన సద్ది డబ్బా పట్టుకుని గోల్నాకలో బయలుదేరితే, మూసీ వాసన వెనకబడి, అంబర్‌పేట దాటి, శివం రోడ్డెక్కి, ఆంధ్ర మహిళా సభ గోడవారగా పోయి పోయి ఉస్మానియా చెట్ల నీడలోకి అడుగుపెట్టేసరికి వేపపూత వాసన, ఎండకు కాగిన బండల వాసన, ఏ కిటికీలోంచో రేడియో పాట. అక్కడ హాస్టల్లో మా చిన్నాయన ఉండేవాడు. ఎమ్మే చదువుతుండె.

అవి ఎనభైల నాటి మాటలు. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం మాకు దగ్గరే, అయినా పక్కింటి టీవీలో బొమ్మ వణికేది. కిటికీ ఊచల సందులోంచి ఆ సీరియల్‌లోని స్పాక్ చెవులు కనబడేవి గానీ ఆ ఇంగ్లీషు ఒక్క ముక్కా ఎక్కేది కాదు. ఆ సంగతి విని చిన్నాయన ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి ఒక స్టార్ ట్రెక్ నవల తెచ్చి పెట్టాడు: ‘ద ఎంట్రపీ ఎఫెక్ట్’. వోండా మెకింటైర్ రాసింది, 1981లో వచ్చింది.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, వేడి ఇంకా దిగని ఆ రాయికి వీపు ఆనించి, ఆయన ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పేవాడు, కష్టమైన మాట వస్తే పక్కన పెన్సిల్‌తో అర్థం రాసేవాడు, నేను డబ్బాలో పులిహోర తింటూ వినేవాణ్ణి, పొద్దుగూకితే తార్నాక దాకా నడిచి ఇరానీ చాయ్ తాగి, అక్కడా రెండు పేజీలు. కెప్టెన్ కిర్క్‌ను సొంత ఓడలోనే చంపేసిన చోటికి వచ్చిననాడు నాకు చాయ్ సయించలేదు. వచ్చే ఆదివారం టీవీలో కనబడతాడా అని అడిగితే, “ఆగు బిడ్డా, స్పాక్ కాలంలో ఎనక్కి పోతుండు, జర చూద్దాం” అన్నాడు.

హాస్టల్లో ఆయన స్నేహితులు ఇలాంటి వాటిని సినిమా వెనక పడి రాసే పుస్తకాలని కొట్టిపారేసేవాళ్లు. నేనైతే ఒప్పుకోను. టీవీలో మీటలు నొక్కుతూ రెండు మాటలు చెప్పి ఊరుకునే సులు, ఈ పుస్తకంలో తనదైన ఆశలున్న మనిషి. మెకింటైర్ జన్యుశాస్త్రం చదివింది, 1979లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో బహుమతి అందుకుంది, అయినా అతని మీద అంత శ్రద్ధ పెట్టింది. తెర మీద అప్పటిదాకా ఉత్త సులుగానే ఉన్నవాడికి హికారు అని సొంత పేరు ఇచ్చింది.

ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. పెన్సిల్ రాత చాలాచోట్ల చెరిగింది, ఏం రాశావని అడగడానికి చిన్నాయన లేడు.

1991లో వచ్చిన ఆరో స్టార్ ట్రెక్ సినిమాలో సులు కెప్టెన్ అయ్యాడు. ఎక్సెల్సియర్ ఓడ లాగ్‌లో తన పేరు తానే చెప్పుకున్నాడు, హికారు సులు అని. పదేళ్ల కింద పుస్తకం పెట్టిన పేరది.