అంగీ తెమ్మన్న ఖైదీ

రోమ్ వెళ్లినవాళ్లు కొలోజియం, ఫోరం శిథిలాలు చూసేసరికే అలసిపోతారు. ఆ పక్కనే, కాపిటోలిన్ కొండ పాదాన, ఓ చర్చి కింద దాగి ఉంది మామర్టైన్ జైలు. ఇప్పుడంటే మెట్లున్నాయి గానీ, అప్పట్లో దిగువనున్న రాతిగదిలోకి పైకప్పు కంతలోంచే ఖైదీని దించేవారట! గాల్ వీరుడు వెర్సింజెటోరిక్స్‌ను బంధించిందీ ఇక్కడే.

పేతురు, పౌలు కూడా ఇక్కడే ఉన్నారని క్రైస్తవుల నమ్మకం. బైబిల్లో మాత్రం ఈ జైలు పేరు కనిపించదు. అపొస్తలుల కార్యాల ప్రకారం పౌలు రోమ్‌లో రెండేళ్లు అద్దె ఇంట్లోనే, సైనికుడి కాపలాలో గడిపాడు. వచ్చినవాళ్లతో మాట్లాడనిచ్చేవారు.

తిమోతికి రాసిన రెండో లేఖలో పరిస్థితి వేరు. దాదాపు అందరూ వదిలేశారు, లూకా ఒక్కడే తోడు. త్రోయలో ఉంచి వచ్చిన అంగీ, పుస్తకాలు పట్టుకుని చలికాలం రాకముందే రమ్మంటాడు.

జైలు నేలలో నీటి ఊట ఉంది. దిగేవాళ్లు ఓ స్వెటర్ వెంట ఉంచుకుంటే మంచిది.